పేటల లెక్కలు చేతికొచ్చాక: మేనకోడలికి ఉత్తరం

కర్నూలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫైలు తెరిచి నింపాదిగా చూశాను. మా ఊళ్లో ఏ పేటలో సాయంత్రపు ఉచిత ట్యూషన్ పెడితే ఎక్కువ మంది పిల్లలకు అందుతుందో ఈ అంకెలను బట్టి తేల్చాలనుకుంటున్నావు. చాలా సంతోషం తల్లీ. తెలిసినవాళ్లు చూపించిన గదిలో పని మొదలుపెట్టి, పిల్లలు రావడం లేదని బాధపడేవాళ్లను ఎందరినో చూశాను. నువ్వు ముందు లెక్క చూసుకుంటానన్నావు. గణాంకాల పనిలోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ని కాబట్టి, ఇందులో ఎక్కడ కాలు జారుతుందో వివరంగా రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం గుర్తుండవు.

అన్నిటికంటే ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకో. జనాభా అంకె ఏదైనా, ఒక హద్దు లోపల ఉన్న మనుషులను ఒక తేదీన లెక్కపెడితే వచ్చింది. ఆ హద్దు, ఆ తేదీ తెలియకుండా అంకెను వాడుకోవడం, శేరు ఎంతదో తెలియకుండా గింజలు కొలుచుకోవడమే. నీ ఫైలులో అంకెలు బోలెడున్నాయి. హద్దులు లేవు, తేదీలు లేవు. ‘వార్డు 12’ అని ఉంది. ఏ సంవత్సరపు 12? ఎవరు గీసిన 12?

వరుసల పేర్లను బట్టి చూస్తే అది 2011 జనగణన ప్రాథమిక సారాంశం. జనగణన శాఖ వెబ్‌సైటు నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పల్లెల్లో గ్రామం వరకు, పట్టణాల్లో వార్డు వరకు దొరుకుతుంది. ఇళ్లు, ఆడ, మగ, ఆరేళ్లలోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనిచేసేవాళ్లలో రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమల వాళ్లు, ఇతరులు అన్నీ వేరువేరుగా ఉంటాయి. మతం, మాతృభాష ఈ సారాంశంలో ఉండవు. ఆదాయం ఊసే ఉండదు, జనగణనలో ఆ ప్రశ్నే అడగరు. ఆ అంకెలు వార్డు వారీగా ఉన్నాయని ఎవరైనా అమ్మజూపితే అవి ఎక్కడివో గట్టిగా నిలదీయి.

అందులో జిల్లా మొత్తం జనాభా అని నువ్వు వేసిన కూడిక చూసి ఆగిపోయాను. 2011 నాటి కర్నూలు జిల్లా జనాభా 40,53,463. నీ కూడిక దానికి అయిదు రెట్లు దాటింది. కారణం చెబుతాను. ఆ ఫైలులో జిల్లాకు మూడు వరుసలుంటాయి: మొత్తం, గ్రామీణం, పట్టణం. గ్రామీణం, పట్టణం కలిస్తేనే మొత్తం, కాబట్టి అక్కడికే రెండు రెట్లయింది. తర్వాత ప్రతి మండలానికీ మళ్లీ అవే మూడు వరుసలు, ఇంకో రెండు రెట్లు. ఆ కింద గ్రామాలు, పట్టణాలు కలిపి ఒక రెట్టు. పట్టణాల కింద వార్డులు, అంటే పట్టణ జనాభా ఇంకోసారి. నిలువు వరుస మొత్తాన్ని ఒక్కసారిగా కూడితే అదే మనిషిని అయిదారు సార్లు లెక్కపెట్టినట్టవుతుంది. అందుకే వరుస ఏ స్థాయిదో చెప్పే నిలువు వరుస ఒకటి పెట్టారు. దాన్ని వడపోసి వార్డులను మాత్రమే ఉంచుకో. వాటి కూడిక ఆ పట్టణపు వరుసతో సరిపోవాలి. ఒక్క మనిషి తేడా వచ్చినా ముందుకు పోవద్దు, ఎక్కడో ఒక వరుస జారిందన్నమాట.

కోడ్ల విషయం కూడా అప్పుడే చూసుకో. 2011 జనగణనలో మన రాష్ట్రం 28, కడప 551, కర్నూలు 552, అనంతపురం 553. వార్డు కోడ్ నాలుగంకెలు, మండలం కోడ్ అయిదంకెలు, రెండింటికీ ముందు సున్నాలుంటాయి. ఎక్సెల్ వాటిని మింగేస్తుంది. ఫైలు తెరిచేటప్పుడే ఆ నిలువు వరుసలు సంఖ్యలు కావు, అక్షరాలు అని చెప్పు. రెండు ఫైళ్లను జతచేసేటప్పుడు పేర్లను నమ్మవద్దు. కడప పేరును ఇంగ్లిషులో రాసే తీరే 2005లో మారింది. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లయితే చాలా చోట్ల ఉంటాయి. జత ఎప్పుడూ కోడ్‌తోనే వేయాలి.

ఇప్పుడు నీ అసలు లెక్కకు వస్తాను. అక్షరాస్యులను మొత్తం జనాభాతో భాగించావు. అలా చేయరు. ఏడేళ్లు నిండి, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుని చదవడం, రాయడం రెండూ వచ్చినవారినే జనగణనలో అక్షరాస్యులంటారు. అంతకంటే చిన్నపిల్లలందరినీ (0–6) నిరక్షరాస్యుల వరుసలోనే వేస్తారు. కాబట్టి మొత్తం జనాభాలోంచి 0–6 పిల్లలను తీసేసి, మిగిలినదానితో భాగించాలి. ఒక వార్డులో 8,000 మంది ఉన్నారనుకో. చిన్నపిల్లలు 1,000, అక్షరాస్యులు 4,900. నీ పద్ధతిలో 61 శాతం వస్తుంది, సరైన పద్ధతిలో 70. అన్ని వార్డులకూ ఒకేలా తగ్గితే వరుసక్రమం చెడదని నువ్వు అనవచ్చు. కానీ ఒకేలా తగ్గదు. చిన్నపిల్లలు ఎక్కువగా ఉన్న పేట అన్యాయంగా ఇంకా కిందికి పోతుంది. చదువు లేని పేట అని ముద్ర వేసే ముందు భాగించిన అంకె సరైనదో కాదో రెండుసార్లు చూడాలి తల్లీ.

ఇంకో మాట. 0–6 పిల్లలు ఎక్కువున్న వార్డులను ఎర్రరంగుతో గుర్తుపెట్టి, అక్కడ ట్యూషన్ కావాలని రాశావు. 2011లో ఆరేళ్లలోపు ఉన్న పిల్లలు 2026 నాటికి 15 నుంచి 21 ఏళ్లవాళ్లు. వాళ్లలో చిన్నవాళ్లే పదో తరగతి దగ్గరికి వచ్చేశారు, పెద్దవాళ్లు డిగ్రీలోనో పనిలోనో ఉంటారు. నువ్వు చదువు చెప్పాలనుకుంటున్న మూడో తరగతి పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. ఆ ఫైలు ఒక పేట స్వభావం ఎలాంటిదో చెబుతుంది, ఈరోజు అక్కడ ఎందరు పిల్లలున్నారో చెప్పదు. దానికి యూడైస్ ప్లస్ చూడు. బడుల వారీగా ఎంతమంది చేరారో, ఏ మాధ్యమంలో చెబుతున్నారో అందులో ఉంటుంది. బడి కోడ్ పదకొండంకెలు, మన రాష్ట్రానివి 28తో మొదలవుతాయి. మా పాతబస్తీలో ఉర్దూ మాధ్యమం పిల్లలున్నారని మరిచిపోవద్దు. తెలుగు ఒక్కటే చెప్పగల వాలంటీర్లను పంపితే ఆ పిల్లలకు ఏమి ఒరుగుతుంది?

తేదీల గురించి మరొకటి. ఇళ్ల పైకప్పు, గోడలు, కుళాయి, మరుగుదొడ్డి వివరాలున్న రెండో ఫైలు కూడా దించుకున్నావు. దానికీ 2011 అనే పేరు పెట్టావు. మనుషుల లెక్కింపు 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది, మార్చి 1 ప్రామాణిక తేదీ, అంటే అంకెలు ఆ రోజు నాటివి. ఇళ్ల జాబితా మాత్రం దేశమంతా అంతకుముందు ఏడాది, 2010 ఏప్రిల్–సెప్టెంబరు మధ్య తయారైంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. అంటే ఇళ్లను లెక్కపెట్టేనాటికి వరద వచ్చి ఏడాది కూడా కాలేదు. నదికి దగ్గరి వార్డుల్లో ఇళ్ల పరిస్థితి గురించి వచ్చిన అంకెలను ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి. అనంతపురంలో కూర్చుని అంకెలు మాత్రమే చూసేవారికి అది తట్టదు, ఆ నెలల్లో ఇక్కడ ఉన్నవాళ్లకు తడుతుంది. ఆ ఫైలు పక్కన ఒక గమనిక రాసిపెట్టు.

ఇక హద్దులు. నీ పనిలో ఎక్కువ శ్రమ ఇక్కడే. సారాంశం ఫైలులో వార్డు సంఖ్య ఉంటుంది గానీ పటం రాదు. 2021 మార్చి 10న జరిగిన నగరపాలక ఎన్నికల్లో కర్నూలుకు 52 డివిజన్లు. అవి 2011 వార్డులు కావు, సంఖ్య ఒకటే అయినంత మాత్రాన చోటు ఒకటే అనుకోవద్దు. 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి, వాటి పరిధులు వేరు. పిన్‌కోడ్ పోస్టల్ శాఖ తన సౌకర్యానికి పెట్టుకున్నది, దానికీ వార్డుకూ పొత్తు లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లానే రెండయింది. నంద్యాల, డోన్, ఆళ్లగడ్డ, శ్రీశైలం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నా, నీ ఫైలులో కర్నూలు కిందే కనిపిస్తాయి. వీటన్నిటి మీదా ప్రజలు పిలుచుకునే బుధవారపేట, జొహరాపురం, కల్లూరు లాంటి పేర్లున్నాయి. పిల్లవాడు తన ఇల్లు ఎక్కడని చెప్పేది పేట పేరుతోనే, డివిజన్ సంఖ్యతో కాదు.

కాబట్టి ఒక్కో హద్దుకు ఒక్కో పొర వేరుగా గీసుకో: 2011 వార్డు, ఎన్నికల డివిజన్, సచివాలయం, పేట. డివిజన్ల ప్రకటనలో ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర ఏ వీధి, ఏ కాలువ, ఏ రోడ్డు అని రాసి ఉంటుంది. 2011 వార్డుల పటం కోసం నగరపాలక సంస్థ పట్టణ ప్రణాళిక విభాగంలో రాతపూర్వకంగా అడుగు. నోటిమాటగా అడిగితే రేపు రమ్మంటారు. వీధులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాడుకున్నచోట వాళ్ల పేరు రాయడం మన బాధ్యత. గీయడానికి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ చాలు, దానికీ డబ్బు కట్టనక్కరలేదు.

గీసేటప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. దూరాలు, వైశాల్యాలు మీటర్లలో కొలవడానికి భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విడగొట్టారు. 78 డిగ్రీల తూర్పు రేఖ దగ్గర ఒక పట్టీ ముగిసి మరొకటి మొదలవుతుంది. ఆ రేఖ కర్నూలుకు కాస్త పడమరగా పోతుంది. కర్నూలు, కడప 44వ పట్టీలో ఉంటే అనంతపురం, ఆదోని 43లో ఉన్నాయి. నువ్వు మీ అనంతపురం కోసం చేసుకున్న 43వ పట్టీ అమరికనే కర్నూలుకు వాడావు. ఒక పేట వరకైతే పెద్ద తేడా రాదు గానీ, రెండు అమరికల ఫైళ్లను చూసుకోకుండా కలిపితే వీధులు పటంలో ఎక్కడో తేలతాయి.

వార్డు జనాభాను పేటలకు పంచడానికి వైశాల్యం లెక్కన విడగొట్టావు. హంద్రీ ఇసుకలో ఎవరూ కాపురం ఉండరు, కళాశాల మైదానంలోనూ ఉండరు. వైశాల్యాన్ని బట్టి కాక కట్టడాలను బట్టి పంచు. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్‌లో కట్టడాల ఆకారాలు దించుకోవచ్చు. అందులో గోదాము, ఇల్లు తేడా తెలియదు, మూడంతస్తులదీ రేకుల షెడ్డూ పైనుంచి ఒకలాగే కనిపిస్తాయి. అందుకే అలా వచ్చిన అంకె పక్కన ‘అంచనా’ అని తప్పకుండా రాయాలి. లెక్కపెట్టిన అంకెనూ అంచనా వేసిన అంకెనూ ఒకే వరుసలో కలపడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఆ తర్వాత నడవాలి. 2011 జనగణనకు వెళ్లిన ఉపాధ్యాయులు ముందు తమ బ్లాకు నక్షా చేత్తో గీసుకున్నారు. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం, నివాసానికి వాడని కట్టడమైతే లోపల గీతలు. వాయవ్య మూల నుంచి నంబర్లు మొదలుపెట్టి ఆగ్నేయంలో ముగించారు. ఎవరూ ఏ ఇల్లూ వదిలిపెట్టకుండా ఉండేందుకు అంత సులువైన ఏర్పాటు నేను మరొకటి చూడలేదు. నువ్వు ఎంచుకున్న రెండు మూడు పేటల్లో అలాగే ఒక కాగితం మీద గీయి. అంగన్‌వాడీ ఎక్కడ, బడి ఎక్కడ, చీకటి పడ్డాక ఆడపిల్లలు దాటలేని రోడ్డు ఏది, వీధిదీపం వెలగని సందు ఏది అన్నవి రాసుకో. ఏ ఫైలులోనూ ఉండని ఈ వివరాలే ట్యూషన్ గది ఎక్కడుండాలో తేలుస్తాయి.

నడిచేటప్పుడు రాసుకున్నవాటిలో ఇంటి యజమాని పేరు, ఫోను నంబరు, కులం వద్దు. జనగణనలో ఒక్కో వ్యక్తి చెప్పిన వివరాలను 1948 చట్టం రహస్యంగా ఉంచుతుంది. కోర్టులో సాక్ష్యంగా కూడా వాటిని తేలేరు. ఆ నమ్మకం మీదే జనం తలుపు తీసి జవాబు చెబుతారు. మనం కట్టే చిన్న ఫైలుకూ అదే మర్యాద ఉండాలి. నీ స్నేహితులు పటం మీద ఒక పేటకు ‘వెనకబడినది’ అని రాశారు. దయచేసి తీసేయించు. అక్కడి పిల్లలు ఆ పటాన్ని చూస్తారు. ‘ఇక్కడ బడి దూరం’, ‘ఇక్కడ చదువుకునే గది లేదు’ అని రాయండి. అది నిజం, పైగా మార్చగలిగినది.

2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ఇప్పుడు జరుగుతోంది. ఇళ్ల జాబితా దశకు 2026 ఏప్రిల్–సెప్టెంబరు మధ్య కాలాన్ని ప్రకటించారు. కొత్త అంకెలు వచ్చేదాకా ఆగమని నేను చెప్పను, పిల్లలు ఆగరు కదా. కానీ నీ పట్టికలో ప్రతి అంకె పక్కనా మూడు నిలువు వరుసలు ఇప్పుడే చేర్చు: ఏ తేదీది, ఏ హద్దుది, ఎక్కడి నుంచి తెచ్చావు. కొత్త సారాంశం వచ్చిన రోజున పాతదాన్ని చెరపకుండా కింద కొత్త వరుసలుగా వేసుకోవచ్చు. నువ్వు దించుకున్న అసలు ఫైలును మాత్రం ముట్టుకోకుండా వేరే ఫోల్డర్‌లో పెట్టు, మార్పులన్నీ నకలులోనే చేయి. తెలుగులో రాసిన పేట పేర్లు ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తే కంగారుపడవద్దు, ఫైలు తెరిచేటప్పుడు అక్షరాల సంకేత పద్ధతిగా యూటీఎఫ్-8 ఎంచుకో.

సరిదిద్దిన పట్టిక పంపితే, వార్డుల కూడిక పట్టణపు వరుసతో కలుస్తోందో లేదో నేను కూడా ఇక్కడ వేసి చూస్తాను. జిల్లా జనగణన కరదీపిక పాత ప్రతి నా దగ్గర ఉంది, నువ్వు వచ్చినప్పుడు తీసుకువెళ్లు. బస్సు దిగగానే నేరుగా ఇంటికి రా, ఎండ తగ్గాక పేటలకు ఇద్దరం కలిసే వెళ్దాం. అత్తయ్య నిన్ను మరీమరీ అడిగానని రాయమంది. అక్కకూ బావకూ నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య