కెమెరాకు బయటి బ్యాటరీ: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

నీ కెనాన్ 1300డికి బయటి బ్యాటరీ సొంతంగా కడతానన్నావు. కట్టు, కష్టమైన పనేమీ కాదు. కాకపోతే అందరూ సెల్లుల మీద పెట్టే శ్రద్ధ తీగల మీదా జాయింట్ల మీదా పెట్టరు. చెడేది ఎక్కువగా అక్కడే.

ముందు లెక్క చూసుకో. కెమెరాతో వచ్చే ఎల్‌పీ-ఈ10 బ్యాటరీ 7.4 వోల్టులు, 860 ఎంఏహెచ్ (ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత). లోపల రెండు లిథియం సెల్లులు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్‌కి కలిపి, ఉంటాయి, నిండా చార్జయితే 8.4 వోల్టులు. నువ్వూ అదే పద్ధతిలో 3000 ఎంఏహెచ్ 18650 సెల్లులు (గొట్టంలా ఉండే లిథియం సెల్లులు) రెండు సిరీస్‌లో పెట్టు. వోల్టేజీ కెమెరాకు అలవాటైనదే, నిలిచే సమయం మూడింతల పైమాటే. మొదటిసారే నాలుగు సెల్లుల జోలికి పోవద్దు. బజార్లో దొరికే నాలుగు సెల్లుల హోల్డర్లలో చాలావాటికి నాలుగూ సిరీస్‌లోనే కలిపి ఉంటాయి. అంటే 16.8 వోల్టులు. అది తగిలాక కెమెరా బోర్డు మళ్లీ లేవదు. బైకు బ్యాటరీ 12 వోల్టులూ అంతే, నేరుగా ఇవ్వకూడదు.

సెల్లు కొనేటప్పుడు పైన 9800 ఎంఏహెచ్ అని వేసి ఉంటే పక్కన పెట్టెయ్, ఆ సైజులో అంత పట్టదు. అసలైన సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. తూకంలో బాగా తేలిపోయిందంటే లోపల సరుకు లేదన్నమాట. పాత లాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసినవైతే 2.5 వోల్టుల కంటే కిందికి పడిపోయిన సెల్లుని బతికించాలని చూడకు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే వయసువి అయి ఉండాలి. కలిపే ముందు విడివిడిగా నిండా చార్జ్ చేసి, మీటరుతో చూస్తే తేడా 0.05 వోల్టు దాటకూడదు.

సెల్లుకి నేరుగా సోల్డరింగ్ పెట్టొద్దు. ఆ వేడికి ప్లస్ వైపు సీలూ లోపలి పొరలూ దెబ్బతింటాయి. స్పాట్ వెల్డింగ్ మెషిన్ లేకపోతే గట్టి స్ప్రింగులున్న రెండు సెల్లుల హోల్డర్ చాలు. పైన చుట్టిన ప్లాస్టిక్ తొడుగు చిరిగి ఉంటే వాడొద్దు. ప్లస్ గుండీ చుట్టూ ఉన్న అంచు కూడా మైనసే, మధ్యలో అడ్డుండేది ఆ పల్చటి తొడుగే.

తర్వాత 2ఎస్ బీఎంఎస్ బోర్డు ఒకటి, అంటే సిరీస్‌లో ఉన్న రెండు సెల్లులు మితిమీరి చార్జవకుండా, మరీ ఖాళీ కాకుండా కాపాడే సర్క్యూట్. బీ మైనస్, రెండు సెల్లుల నడుమ నుంచి బీఎం, ఆపైన బీ ప్లస్, ఈ వరసలో కలుపు. కలిపాక అవుట్‌పుట్ దగ్గర సున్నా చూపిస్తే కంగారు పడకు, చాలా బోర్డులు ఒకసారి చార్జర్ తగిలితేనే మేలుకుంటాయి. బోర్డు నుంచి బయటికొచ్చే ప్లస్ తీగ మీద, వీలైనంత దగ్గరలో 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. కెనాన్ వాళ్ల ఏసీ అడాప్టరే 2 ఆంపియర్లది కాబట్టి అది సరిపోతుంది.

ఇప్పుడు తీగ. ఫోకస్ మోటారు తిరిగినప్పుడు, కెమెరా లోపలి అద్దం లేచినప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మీటరు పొడవున్న 0.2 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే, 2 ఆంపియర్ల దగ్గర రానూపోనూ 0.34 వోల్టు తీగలోనే పోతుంది. 0.5 చదరపు మిల్లీమీటర్లదైతే 0.14 మాత్రమే. ప్యాకులో సగం చార్జి ఉండగానే కెమెరా ఖాళీ అని చెప్పి ఆగిపోయిందంటే ముందు తీగనీ హోల్డర్ స్ప్రింగులనీ అనుమానించు, సెల్లుల సంగతి తర్వాత.

అసలు బ్యాటరీ ఆకారంలో కెమెరా లోపలికి పోయి, బయటి కరెంటుని తీగతో అందించే డమ్మీ బ్యాటరీ మాత్రం కొనుక్కో, చెక్కతో చెక్కే ప్రయత్నం వద్దు. డీఆర్-ఈ10 నమూనాదే కావాలి. తీగ బయటికి రావడానికి కెమెరా పక్కన చిన్న రబ్బరు మూత ఉంటుంది, దాన్ని తెరిచి తీగ అందులోంచి తీసి, బ్యాటరీ తలుపు పూర్తిగా మూసెయ్యి. తలుపు మూయకపోతే కెమెరా వెలగదు. కనెక్టరు తిరగేసి పెట్టడానికి వీల్లేనిది ఎంచుకో, ఎక్స్‌టీ30 బాగుంటుంది. ప్యాకు ట్రైపాడ్ కాలికి కట్టి, తీగని కూడా ఒకచోట బిగించు. ఎవరి కాలో తగిలితే కనెక్టరు ఊడాలిగానీ కెమెరా కింద పడకూడదు.

కెమెరాకు పెట్టే ముందు 12 వోల్టుల 21 వాట్ల బైకు ఇండికేటర్ బల్బు ఒకటి పదినిమిషాలు వెలిగించు. ఆంపియరు పైచిలుకు లాగుతుంది. జాయింట్లు చేత్తో తాకి చూడు, ఎక్కడ వెచ్చబడిందో అక్కడే లోపం ఉంది.

చార్జింగుకి 8.4 వోల్టుల లిథియం చార్జరే కావాలి, 1 ఆంపియరుది చాలు. ఇంట్లో పడున్న 9 వోల్టుల, 12 వోల్టుల అడాప్టర్లు తగిలించి బీఎంఎస్ చూసుకుంటుందిలే అనుకోవద్దు. అది ఆఖరి కాపలాయే తప్ప చార్జర్ పని చెయ్యదు. రోహిణి కార్తె ఎండలో ప్యాకుని కారు డాష్‌బోర్డు మీద వదలొద్దు, ప్యాకు వేడిగా ఉండగా చార్జింగు పెట్టొద్దు. 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ లిథియం సెల్లుకి పడదు.

కెమెరా తెర మీది బ్యాటరీ గుర్తుని నమ్ముకోకు. చిన్న వోల్టుమీటరుని నొక్కితేనే వెలిగే స్విచ్‌తో ప్యాకుకే పెట్టు. వాడుతుండగా 6.8కి వచ్చిందంటే ఆపెయ్. బీఎంఎస్ కట్ చేసేదాకా లాగితే, అప్పుడే కార్డులోకి రాస్తున్న వీడియో ఫైలు పాడవుతుంది. 29 నిమిషాల 59 సెకన్లకి వీడియో దానంతటదే ఆగితే అది కెమెరా పరిమితి, ప్యాకులో వెతక్కు. విమానంలో తీసుకెళ్తే చేతిసంచిలోనే పెట్టుకో, తీగ ఊడదీసి కొనలకు టేపు వేసి.

ఇంకొక్కటి. డమ్మీ మీది ప్లస్, మైనస్ కాంటాక్టులు అసలు బ్యాటరీ పక్కన పెట్టి పోల్చి, మీటరుతో చూడు. అంకె ముందు మైనస్ గుర్తు రాకూడదు, 8.4 దాటకూడదు. ఆ రీడింగు ఫొటో తీసి నాకు పంపు, కెమెరాలో పెట్టకముందే.

ఆశీస్సులతో,
మీ మామయ్య