జెర్బిల్ కొనేముందు ఆ ట్యాంకు మొత్తం చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం డల్లాస్‌లో ఉంటాం. మా పాపకి తొమ్మిదేళ్లు. రెండు నెలల కిందట పెట్ షాపులో ఒక జెర్బిల్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) కొన్నాం. ఐదో రోజుకల్లా వెనకవైపంతా తడిసిపోయి, మూల ముడుచుకుని కూర్చుంది, మర్నాటికి చనిపోయింది. తను ఎక్కువసేపు ఎత్తుకోవడం వల్లే పోయిందని పాప ఇప్పటికీ ఏడుస్తోంది, మళ్లీ కొనమనీ అడుగుతోంది. ఈసారి ఆరోగ్యంగా ఉన్నదాన్ని ఎలా గుర్తుపట్టాలి? పాత కేజ్ వాడొచ్చా?

జవాబు: అమ్మా, ముందు పాపని పక్కన కూర్చోబెట్టుకుని అది తన వల్ల పోలేదని చెప్పండి. ఎత్తుకున్నంత మాత్రాన ఏ జెర్బిల్‌కీ విరేచనాలు పట్టుకోవు. టైజర్స్ వ్యాధి అని ఒక బ్యాక్టీరియా జబ్బు ఉంది. జెర్బిల్స్‌కి అది తేలిగ్గా అంటుకుంటుంది, పైకి ఏమీ కనపడకుండా లోపలే ఉండి, ప్రయాణం, కొత్త చోటు, తిండి మారడం లాంటి ఒత్తిడి తగలగానే బయటపడి రెండు మూడు రోజుల్లో ప్రాణం తీసేస్తుంది. కళ్లతో చూడకుండా ఇదేనని ఖాయం చేయలేను గానీ, మీరు చెప్పిన లక్షణాలకి నా అనుమానం మొదట దాని మీదికే పోతోంది.

అందుకే పాత కేజ్ విషయంలో జాగ్రత్త. ఈ బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పొర కప్పుకుని నిద్రాణంగా ఉండే రూపాలు, కేజ్ అడుగున పరిచే పొట్టులో నెలల తరబడి చావకుండా ఉంటాయి. పాత పొట్టు, మిగిలిన గింజలు, చెక్క సామాను, అట్టపెట్టెలు అన్నీ కవర్లో కట్టి పారేయండి. గాజు, ప్లాస్టిక్ వస్తువుల్ని సబ్బుతో కడిగి, నీళ్లు కలిపిన బ్లీచ్ పట్టించి కాసేపు ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి ఆరబెడితే వాడుకోవచ్చు.

ఇక కొనడం. చాలామంది ముద్దుగా ఉన్న ఒక్కదాన్నే చూసి వేలు పెట్టి చూపిస్తారు, నేనైతే పది నిమిషాలు షాపులో వాటిని ఉంచిన గాజు ట్యాంకు ముందే నిలబడమంటాను. అందులో ఏ ఒక్కటి వెనకవైపు తడిగా ఉన్నా, బొచ్చు రేగి వీపు గూనిలా పెట్టుకుని కూర్చున్నా, మిగతావి ఎంత హుషారుగా ఉన్నా సరే, ఆ ట్యాంకులోంచి ఏదీ తీసుకోవద్దు. పాపం అనిపించి నలతగా ఉన్నదాన్నే ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల మనసు మంచిదే, కానీ పాపకి రెండోసారి ఆ ఏడుపు వద్దు.

బాగున్న జెర్బిల్ పిల్లని అరచేతిలోకి తీసుకోమని షాపువాళ్లకి చెప్పండి. కళ్లు పూర్తిగా తెరిచి మెరుస్తుండాలి, ముక్కు చుట్టూ పుండు, బొచ్చు ఊడటం ఉండకూడదు. ముక్కు దగ్గర ఎర్రగా కనిపిస్తే చాలామంది రక్తం అనుకుంటారు, చాలాసార్లు అది కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి స్రావం, అయినా ఒత్తిడికి గుర్తే కాబట్టి అలాంటిది వద్దు. చెవి దగ్గర పెట్టుకుని వినండి, ఊపిరిలో టిక్ టిక్ చప్పుడు రాకూడదు. ముందరి పళ్లు పసుపు రంగులో ఉంటే కంగారు పడకండి, వాటికి అదే సహజం, వంకర లేకుండా ఉంటే చాలు. పొట్ట మధ్యలో బొచ్చు లేని సన్నటి మచ్చ కనిపిస్తుంది, అది వాసన గ్రంథి, జబ్బు కాదు. తోక చివర బొచ్చు కుచ్చు ఉందో లేదో చూడండి. షాపులో ఎవరైనా తోక పట్టుకుని పైకి లేపితే అక్కడ కొనకుండా వచ్చేయండి. తోక చర్మం తొడుగులా ఊడి చేతికి వచ్చేస్తుంది, ఆ ముక్క మళ్లీ పెరగదు. ఇది పాపకి కూడా గట్టిగా చెప్పండి, రెండు చేతులూ దోసిలిలా పట్టి ఎత్తాలి.

ఒకటి కాదు, రెండు కొనండి. మంగోలియా మైదానాల్లో ఇవి కుటుంబాలుగా, బొరియల్లో బతికేవి, ఒంటరిగా ఉంటే దిగులు పెట్టుకుంటాయి. ఒకే కాన్పులో పుట్టిన రెండు మగవి గానీ, రెండు ఆడవి గానీ, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో తీసుకోవడం మంచిది. పెద్దయ్యాక కొత్తదాన్ని తెచ్చి కలిపితే చచ్చేలా కొట్టుకుంటాయి. ఆడా మగా షాపువాళ్ల మాట మీద వదిలేయకండి, మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య దూరం మగదానికి ఎక్కువ, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. పొరపాటు జరిగితే 25 రోజుల్లో ఐదారు పిల్లలు!

మరో సంగతి, కొన్ని జెర్బిల్స్‌కి రెండు మూడు నెలల వయసు నుంచి, చేతిలోకి తీసుకున్నప్పుడో కొత్త చోట పెట్టినప్పుడో ఫిట్స్ వస్తాయి. ఇది వంశపారంపర్యం. బిగుసుకుపోయి వణికి, కాసేపటికి మామూలైపోతుంది, ఆ టైంలో కదపకుండా వదిలేయండి. తల్లిదండ్రులకి ఫిట్స్ ఉన్నాయేమో, వీటిని పిల్లలు పెట్టించి అమ్మే బ్రీడర్‌ని అడిగి తెలుసుకోవచ్చు, షాపులో ఆ వివరం దొరకదు, అందుకే నా ఓటు మంచి బ్రీడర్‌కే. ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్లే ఆలోచన ఏమైనా ఉంటే మాత్రం ఇప్పుడే ఆగండి, అక్కడ జెర్బిల్స్ పెంచడం చట్టవిరుద్ధం. ఇవి మూడు నాలుగేళ్లు బతుకుతాయి కాబట్టి అన్నాళ్ల సంగతి ముందే ఆలోచించుకోండి.

కొనకముందే చిన్న జంతువుల్ని చూసే వెట్ (జంతువుల డాక్టర్) నంబరు ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి, కుక్కల్ని చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు. విరేచనాలు మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. ముట్టుకున్నాక పాప చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తెచ్చిన మొదటి రెండు రోజులు వాటి జోలికి పోకుండా, అడుగున కనీసం జానెడు లోతు పొట్టు పోసి తవ్వుకోనివ్వండి. మూడో రోజు పాపని అరచేతిలో ఒక గుమ్మడి గింజ పెట్టుకుని, చెయ్యి ట్యాంకులో ఆనించి కదలకుండా కూర్చోమనండి, అవే వచ్చి వాసన చూసి తీసుకుంటాయి.