మీటరు బోర్డు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు

అమ్మలూ,

శ్రీకాకుళం రిమ్స్‌లో స్టాఫ్ నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోను చేసింది. మన ఇళ్లలో ఆడపిల్ల తన జీతంతో తన పేరున ఇల్లు అద్దెకి తీసుకోవడం నీతోనే మొదలు. ఎదురింటికి వెళ్లి ఆ సంగతి చెప్పి వచ్చాక మీ అమ్మ అన్న రెండో మాట బుర్రలోకి ఎక్కింది. "కరెంటు, నీళ్లు అన్నీ అద్దెలోనే అన్నయ్యా, చాలా మంచోళ్లు." లైన్‌మన్‌గా రిటైరయినవాణ్ణి. నాకు మంచోళ్లకంటే ముందు మీటరు కనపడుతుంది.

తాళం గట్టిదా, రాత్రి వచ్చే దారిలో దీపాలున్నాయా, ఇవన్నీ నీకు తెలిసినవే. అగ్రిమెంటు పదకొండు నెలలకి రాయించుకో. కరెంటు, నీళ్లు అద్దెలో కలిసే ఉన్నాయని అందులో రాసి ఉండాలి.

కలిసి ఉన్నాయంటే ఊరికే వచ్చినట్టు కాదు. కింద ఓనర్లు, పైన రెండు పోర్షన్లు, అంతటికీ ఒకటే మీటరు అంటున్నావు. అందరి యూనిట్లూ ఒకే బిల్లులో పడతాయి. 2022లో మార్చిన రేట్లలో మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90 రూపాయలు. 400 దాటాక ఒక్కోటి 9.75. మే నెలలో నీ కూలరు తిరిగే యూనిట్టు ఓనరుకి అయిదు రెట్లు ఖరీదు. నైట్ డ్యూటీ చేసొచ్చి నువ్వు పడుకుంటే, పట్టపగలు ఫ్యానేటి అని మెట్ల మీద గొణుగుడు మొదలవుతుంది. కూలరు, గీజరు, ఇండక్షన్ పొయ్యి వాడుకోవచ్చో లేదో, ఎన్ని యూనిట్ల దాకా అద్దెలో వస్తుందో ముందే తేల్చుకో. వీలైతే నీ వాడకం విడిగా చూపించే సబ్‌మీటరు నీ పోర్షనుకి పెట్టమను.

మీ నాన్న ఇవేవీ అడగలేదు. బావది ఒట్టి మొగమాటం. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మేడ మీద గది తీసుకున్నాడు, కరెంటుతో కలిపి. ఒకటో తారీకున అద్దె చేతిలో పెట్టేసేవాడు. ఓనరు అందులోంచి బిల్లు కడుతున్నాడా లేదా అని ఒక్క నెలా అడగలేదు. అడిగితే బాగోదట! నువ్వప్పుడు పొత్తిళ్లలో గుంటవి. నడివేసవిలో మా సెక్షన్ వాళ్లే వెళ్లి ఆ ఇంటి ఫ్యూజు పీకేశారు, నెలల బకాయి మరి. "నిచ్చెన నీ చేతిలోనే ఉంది కదా, ఎక్కి తగిలించు" అని మీ అమ్మ కబురు పెట్టింది. నేను ఎక్కలేదు. బకాయి కట్టకుండా తగిలిస్తే అది దొంగతనమే. డాబా సెగకి ఒళ్లంతా పేలి నువ్వు గుక్కపట్టి ఏడుస్తుంటే, మీ అమ్మ తాటాకు విసనకర్రతో తెల్లార్లూ కూర్చుంది. మర్నాడు బావ, నీకు మురుగులు చేయిద్దామని వేసుకున్న చీటీ పాడి, బకాయంతా కట్టాడు. అద్దెలో తగ్గించుకోండి అన్నాడు ఓనరు. కాగితం ఏదీ రాయలేదు. తర్వాత నెల "ఏ డబ్బులు?" అన్నాడు. రసీదు ఆయన పేరునే ఉంటుంది, ఇంకేం చూపిస్తావు? ఆ ఏడు సిరిమానుకి మీ అమ్మ మా ఇంటికి వచ్చింది గానీ నాతో మాట్లాడలేదు. ఫ్యూజు సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది. ఎత్తనీ.

నువ్వు కరెంటు బిల్లు మీదుండే సర్వీసు నెంబరు తీసుకో. ఫోనులో కొడితే బకాయి ఎంతుందో కనపడుతుంది. నెలనెలా చూసుకో. మొగమాటం నీకూ ఉంది, తెలుసు. ఇందులో ఎవర్నీ అడగక్కర్లేదు కదా.

నా అసలు భయం ఎర్తు, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపే తీగ. సాకెట్టుకి మూడు కన్నాలున్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో మూడో కన్నం వెనక తీగే ఉండదు. బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉందేమో చూడు. లీకేజీ వస్తే వెంటనే సప్లై కట్టేసేది అదే. లేకపోతే పెట్టించు, ఖర్చు నాది. బకెట్లో రాడ్డు హీటరు పెట్టావని తెలిసిందో, వచ్చి విరగ్గొడతాను. డాబా మీద బట్టలారేసే ఇనప తీగ ఉంటే ముట్టుకోకు. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు ఒరుసుకుపోయి ఆ తీగలోకి కరెంటు దిగితే, తడిబట్ట చేతిలో ఉండగానే ప్రాణం పోతుంది. అలా పోయినవాళ్లని చూశాను తల్లీ. నైలాను తాడు కట్టుకో.

నీళ్లు బోరువైతే మోటారు ఆగిన రోజున అవీ ఉండవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక స్తంభాలు ఎత్తడానికి ఉద్దానం వెళ్లాం. ట్యాంకులు అడుగంటి జనం నూతుల చుట్టూ తిరిగారు. ఆ పెరట్లో నుయ్యి ఉందేమో, ఉంటే గిలక తిరుగుతుందో లేదో చూడు.

మీటరు బోర్డు ఫోటో ఈ రాత్రికే పంపించు, మూత తీసి. ఆదివారం నేనే వస్తాను, అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు. ఆమదాలవలసలో దిగి ఆటో ఎక్కేస్తాను, డ్యూటీ మానుకుని స్టేషనుకి రావద్దు. ఆవకాయ జాడీ మీ అత్త కడుతోంది. టెస్టరు నేను తెస్తాను.

మీ మావయ్య