టెక్ సందేహాలు: ఇంటి రక్షణకు మొదటి పిస్టల్ ఏది కొనాలి?

ప్రశ్న: మాది గోదావరిఖని. సింగరేణిలో పని చేస్తాను. నైట్ షిఫ్ట్ పడిన వారమంతా ఇంట్లో నా భార్య, అమ్మ, ఇద్దరు పిల్లలే ఉంటారు. ఈమధ్య మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. యూట్యూబ్‌లో రివ్యూలు చూసి 9 ఎంఎం పిస్టల్ కొనాలనుకుంటున్నా. మొదటిసారి కొనేవాళ్లకు రివాల్వర్ మంచిదా, పిస్టల్ మంచిదా?

జవాబు: ముందు ఆ రివ్యూల సంగతి. అవన్నీ అమెరికా వాళ్లు అమెరికా వాళ్ల కోసం చేసినవి. అక్కడ దుకాణంలో దొరికే 9 ఎంఎం పిస్టల్ ఇక్కడ నిషేధిత బోర్ (బోర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు) కిందికి వస్తుంది. అంటే మామూలు పౌరులకు ఇచ్చే లైసెన్స్‌తో కొనలేరు. విదేశీ తుపాకులను వ్యక్తులు దిగుమతి చేసుకోవడం కూడా 1980ల నుంచి ఆగిపోయింది. పేరున్న షూటింగ్ క్రీడాకారుల్లాంటి కొద్దిమందికే మినహాయింపు. ఆ వీడియోల్లో చూసిన మోడళ్ల పేర్లన్నీ పక్కన పెట్టేయండి.

మన దగ్గర సామాన్యులు కొనగలిగే చేతి తుపాకుల్లో ఎక్కువగా కనిపించేది పాయింట్ 32 బోర్. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే అశని పిస్టల్, 2014లో మహిళల కోసమంటూ కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ రివాల్వర్ ఈ బోర్‌వే. నిర్భీక్ బరువు అర కిలో వరకు ఉంటుంది. 2023లో వచ్చిన ప్రబల్ రివాల్వర్ కూడా ఇదే బోర్. దాని రేంజ్ 50 మీటర్లని గొప్పగా ప్రచారం చేశారు. మీ ఇంట్లో మంచం దగ్గర నుంచి దర్వాజ దాకా ఎంత దూరమో ఒకసారి చూసుకోండి, ఆ అంకెతో మీకు పని లేదని తెలుస్తుంది.

ఇక రివాల్వరా, పిస్టలా? కొత్తవాళ్లకు రివాల్వర్ అర్థం చేసుకోవడం సులువు. తూటాలు గుండ్రటి సిలిండర్‌లో కంటికి కనిపిస్తాయి. ఒకటి పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కగానే తర్వాతి తూటా ముందుకొస్తుంది. పిస్టల్‌లో తూటా ఇరుక్కుంటే పైన కదిలే భాగాన్ని (స్లయిడ్) వెనక్కి లాగి తీయాలి. చీకట్లో, చేతులు వణుకుతున్నప్పుడు ఆ పని చేయాలంటే చాలా సాధన ఉండాలి. పిస్టల్‌తో ఇంకో ప్రమాదం ఉంది. తూటాల పెట్టె (మేగజైన్) బయటికి తీశాక కూడా గొట్టం వెనక తూటా కూర్చునే చోట (చాంబర్) ఒకటి మిగిలి ఉండొచ్చు. 'ఖాళీ తుపాకే' అనుకుని పేల్చినప్పుడు జరిగే ఘోరాలకు చాలాసార్లు ఇదే కారణం. కాబట్టి మీరు అడిగిన ప్రశ్న వరకే జవాబు చెప్పాలంటే, మొదటిసారి కొనేవాళ్లకు పాయింట్ 32 రివాల్వరే నయం.

కానీ మీ ప్రశ్నలోనే ఒక మాట ఉంది. మీకు భయం మీరు ఇంట్లో లేని రాత్రుల గురించి. లైసెన్స్ మీ పేరు మీద వస్తుంది. ఆయుధం అప్పగించేది మీకు. మీరు గనిలో ఉన్నప్పుడు అది బీరువాలో ఉంటుంది. దాన్ని మీ భార్య వాడాలంటే ఆమెకూ చట్టప్రకారం అనుమతి ఉండాలి, ఆమెకూ శిక్షణ ఉండాలి. ఇవి లేకపోతే మీ ఇంట్లోవాళ్లు ఒంటరిగా ఉన్న రాత్రి ఆ తుపాకీ వాళ్లకు ఏ విధంగానూ పనికిరాదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అదే ఒక ప్రమాదమై కూర్చుంటుంది. లక్ష రూపాయలో, అంతకన్నా ఎక్కువో దాని మీద పెట్టే ముందు ఈ ఒక్క విషయం భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అయినా కావాలనే నిర్ణయించుకుంటే దారి ఇది. 1959 ఆయుధ చట్టం, 2016 నిబంధనల ప్రకారం దరఖాస్తు చేయాలి. వయసు 21 దాటాలి. పోలీస్ కమిషనరేట్ ఉన్నచోట కమిషనర్, మిగతా చోట్ల కలెక్టర్ లైసెన్స్ ఇస్తారు. పోలీసులు మీ నేపథ్యం విచారించి నివేదిక ఇస్తారు. మీ ప్రాణానికి ముప్పు ఎందుకుందో చూపించాలి. 'వీధిలో దొంగలు తిరుగుతున్నారు' అన్నంత మాత్రాన ఇచ్చేస్తారనుకోవద్దు. తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ పెట్టాలి. లైసెన్స్ గడువు 2019 సవరణ తర్వాత 5 ఏళ్లు, ఆ తర్వాత రెన్యూవల్. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో జమ చేయమంటారు. ఇంట్లో తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉండాలి. బట్టల కింద, బీరువా పైన దాస్తే పిల్లలకు తెలియదనుకోవడం భ్రమ. పండక్కి తెచ్చిన చాక్లెట్లు ఎక్కడ దాచినా వాళ్లు కనిపెట్టడం లేదా!

చట్టం విషయం కూడా తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కు ఇస్తుంది. సూర్యాస్తమయం తర్వాత ఇల్లు పగలగొట్టి చొరబడేవాణ్ని అడ్డుకునే హక్కు చాలా దూరం వెళ్తుంది. కానీ అవసరానికి మించి హాని చేయకూడదు. గోడ దూకి పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది రక్షణ అనిపించుకోదు, కేసు మీ మీదే పడుతుంది.

మీ ఇంటికి నేను చెప్పేది వేరు. దొంగ లోపలికి రాకముందే మీవాళ్లకు మెలకువ రావాలి, ఆ వెంటనే పక్కింటివాళ్లకు తెలియాలి. దర్వాజకు, వెనక తలుపుకు మాగ్నెటిక్ సెన్సార్, దానికో గట్టి సైరన్ పెట్టించండి. తలుపు అంగుళం జరిగినా వీధి మొత్తం లేస్తుంది. వాకిట్లో, పెరట్లో మనిషి కదిలితే వెలిగే సెన్సార్ లైట్లు పెట్టండి. పాత గొళ్లేలు తీసేసి లోపలివైపు గట్టి బోల్టులు వేయించండి. పడకగది తలుపు లోపల నుంచి గడియ పడేలా ఉండాలి. సైరన్ మోగగానే అందరూ ఆ గదిలోకి వెళ్లి 112కి ఫోన్ చేయాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' ఉంటుంది. అక్కడ ఎస్ఓఎస్ ఆన్ చేస్తే పవర్ బటన్ వరసగా 5 సార్లు నొక్కగానే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. అది మీ అమ్మగారి ఫోన్‌లో కూడా పెట్టి, ఎలా నొక్కాలో మీరే దగ్గరుండి నేర్పండి. ఇవన్నీ కలిపినా తుపాకీ ధరలో కొద్ది భాగమే అవుతుంది, మీరు గనిలో ఉన్నా పని చేస్తాయి.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో 'లైసెన్స్ అక్కర్లేదు, పిస్టల్ ఇంటికే డెలివరీ' అని యాడ్ వచ్చింది. 5 వేలు అడ్వాన్స్ పంపమంటున్నారు. నమ్మొచ్చా? (హనుమకొండ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: వద్దు తమ్ముడూ. అడ్వాన్స్ పంపితే ఆ నంబర్ మళ్లీ కలవదు. తర్వాత కొరియర్ చార్జీలని, ఆపైన 'పోలీసులకు చెబుతాం' అని బెదిరించి ఇంకా లాగుతారు. తప్పు పని కోసం డబ్బు పంపావు కాబట్టి ఫిర్యాదు చేయవన్నదే వాళ్ల ధీమా. ఒకవేళ నిజంగానే ఏ నాటు పిస్టలో ఇంటికొచ్చిందనుకో, అది ఇంకా ఘోరం. లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంటే ఆయుధ చట్టం కింద కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు. తూటా ఒక్కటే దొరికినా ఇదే సెక్షన్. కేసు నమోదైతే పాస్‌పోర్టు, ఉద్యోగం అన్నీ చిక్కుల్లో పడతాయి. యాడ్‌ను రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే చాట్ డిలీట్ చేయకుండా, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లోవాళ్లకూ చెప్పు.

ప్రశ్న: లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ పిస్టల్ ఇంటి రక్షణకు పెట్టుకోవచ్చా? (నర్సంపేట)

జవాబు: పాయింట్ 177 బోర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్స్ అక్కర్లేదు. గురి నేర్చుకోవడానికి బాగుంటాయి, రక్షణకు కాదు. దొంగను ఆపలేవు, పిల్లల కళ్లు మాత్రం పోగొట్టగలవు. పైగా చూడటానికి నిజం తుపాకీలా ఉంటుంది కాబట్టి ఎదుటివాడి చేతిలో కత్తి ఉంటే మీ ప్రాణం మీదికే తెస్తుంది.

ప్రశ్న: మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ వెళ్తాం. వరంగల్‌లో ఇంటికి వైఫై కెమెరా ఉంది కానీ కరెంటు పోతే ఆగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: కరెంటు పోతే కెమెరాతో పాటు రౌటర్ కూడా ఆగిపోతుంది. కెమెరా, రౌటర్ రెండింటికీ చిన్న 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి, కొన్ని గంటలు నడిపిస్తాయి. కొనే ముందు మీ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిపోతాయో చూసుకోండి. కెమెరాలో మెమరీ కార్డు కూడా వేయండి, నెట్ పోయినా రికార్డింగ్ ఆగదు. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్‌ను ఈరోజే మార్చండి, లేకపోతే మీ ఇల్లు మీకంటే ముందు ఇంకొకరికి కనిపిస్తుంది. కొత్తది కొనేటట్టయితే ప్రభుత్వ భద్రతా పరీక్ష పాసైందో లేదో అడగండి, 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు ఆ నిబంధన ఉంది.

జాతర రద్దీలో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. కాబట్టి కెమెరా యాప్‌ను వరంగల్‌లోనే ఉండిపోయే ఒక బంధువుకు కూడా షేర్ చేసి, అలర్ట్‌లు వాళ్లకూ వెళ్లేలా పెట్టండి. బయల్దేరే ముందు మీ స్టేషన్‌లో ఇల్లు తాళం వేసి వెళ్తున్నామని చెప్పండి. బంగారం లాకర్‌లో పెట్టండి. అమ్మవార్లకు బెల్లం ఎత్తుకున్న ఫొటోలు స్టేటస్‌లో ఇంటికి వచ్చాకే పెట్టండి.