సాకే ఎలా రుచి చూడాలి, దేనితో తినాలి?

జపాన్ వాళ్ల బియ్యపు మద్యం సాకేని రైస్ వైన్ అంటారు గానీ తయారీలో అది బీరుకే దగ్గర. కోజి అనే బూజు బియ్యంలోని పిండిని చక్కెరగా మారుస్తుంటే, అదే తొట్టిలో ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్‌ చేస్తుంది. మామూలుగా 15-16 శాతం ఉంటుంది, కాబట్టి షాట్‌లా గుటుక్కున మింగేయకండి, చిన్న గుక్క తీసుకుని నాలుక మీద కాసేపు ఉంచండి.

ముందు సీసా మీద రకం చూడండి. బియ్యపు గింజ 60 శాతమో అంతకంటే తక్కువో మిగిలేదాకా పాలిష్ పడితే ఆ సాకేని ‘గింజో’ అంటారు, 50కి దిగితే ‘దైగింజో’. వీటిలో కర్బూజా, ఆపిల్ లాంటి పళ్ల వాసన ఉంటుంది, అందుకే 10-15 డిగ్రీల చల్లగా, పచ్చి చేప సాషిమితో తీసుకోండి. బాగా వేడి చేస్తే ఆ వాసనంతా పోతుంది, నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది.

జున్మాయ్ (విడిగా ఆల్కహాల్ కలపకుండా బియ్యం, కోజి, నీళ్లతోనే చేసే సాకే), అందులోనూ యమహాయ్ అనే పాత పద్ధతిలో, సహజంగా పెరిగే లాక్టిక్ బాక్టీరియాతో పులియబెట్టింది, వేరే సంగతి. సాకే పోసిన చిన్న కూజాను వేడినీళ్లలో పెట్టి 40-45 డిగ్రీలకు వెచ్చబెడితే అన్నం కమ్మదనం పైకొస్తుంది. ఉప్పు చల్లి కాల్చిన సన్మా చేప, పక్కన తురిమిన ముల్లంగి పెట్టుకుని, చేప నూనె ఇంకా నోట్లో ఉండగానే ఒక గుక్క తాగి చూడండి. సాకేలో ఇనుము చాలా తక్కువ, రెడ్ వైన్‌తో చేప తిన్నప్పుడు వచ్చే నీచు వాసన ఇక్కడ రాదు.