డాక్టర్ సలహా: బాబుకు మార్ఫిన్ వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. బాబుకు తొమ్మిదేళ్లు. కాలి ఎముకలో క్యాన్సర్, ఊపిరితిత్తులకు పాకింది. కీమో ఆపేసి పాలియేటివ్ కేర్‌కు వెళ్లమన్నారు. అంటే చేతులెత్తేసినట్టేనా? రాత్రిళ్లు నొప్పితో ఏడుస్తున్నాడు. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు రాశారు కానీ, అలవాటు పడిపోతాడని మా అత్తగారు వేయనివ్వడం లేదు. - ఒక తల్లి

జవాబు: చేతులెత్తేయడం కాదమ్మా. జబ్బు తగ్గించడం ఒక పని, బాధ తగ్గించడం ఇంకో పని. రెండోదే పాలియేటివ్ కేర్, అది ఇప్పటికీ చేయగలం. అసలు ఈ వైద్యం జబ్బు బయటపడ్డ రోజు నుంచే, కీమోతో పాటు జరగాలి. మా డాక్టర్లమే చివర్లో రాసి ఆ పేరంటేనే భయం పుట్టించాం.

డాక్టర్ లెక్కకట్టి రాసిన మోతాదులో మార్ఫిన్ వేస్తే వ్యసనం అవుతుందన్న భయం అక్కర్లేదని అత్తగారికి చెప్పండి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండొచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, మొదటి రోజు నుంచే విరేచనం మందు రాయించుకోండి. లేపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందు మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు.

ఏడ్చినప్పుడు కాదు, గడియారం చూసి వేయాలి. మామూలు మార్ఫిన్ నాలుగు గంటలే పనిచేస్తుంది. పదింటికి వేస్తే రెండింటికి నొప్పే వాణ్ని లేపుతుంది. రాత్రి డోసు సంగతి, మధ్యలో నొప్పి వస్తే అదనంగా ఎంత వేయాలో చీటీ మీద రాయించుకోండి. ఎముక నొప్పికి ఒక్కసారి రేడియేషన్ ఇచ్చినా ఉపశమనం దొరకొచ్చు, అదీ అడగండి. ఏడవకుండా గోడవైపు తిరిగి పడుకుని, ఫోన్‌లో కార్టూన్ పెట్టినా చూడట్లేదంటే నొప్పి తగ్గిందనుకోకండి.

2014లో మత్తుమందుల చట్టం సడలించినా మార్ఫిన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు, ఎక్కువగా గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు. రిపోర్టులన్నీ పట్టుకుని ముందు గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) క్యాన్సర్ విభాగంలో అడగండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు ప్రత్యేకంగా పాలియేటివ్ వైద్యం ఉంది. ఆయాసం వస్తే తల ఎత్తుగా పెట్టి, ముఖానికి ఫ్యాన్ గాలి తగలనివ్వండి.

ఇంకో మాట. 'నేను చచ్చిపోతానా' అని వాడు అడగొచ్చు. 'ఛ, అవేం మాటలు' అనేయకండి. 'ఎందుకలా అనిపించింది నాన్నా?' అని అడగండి. తనను ఒంటరిగా ఐసీయూలో వదిలేస్తారేమోనన్న భయం కూడా కావచ్చు అది. అదే అయితే, రాత్రంతా పక్కనే పడుకుంటానని చెప్పండి.