మందం గేటు మీద పౌడర్ కోటింగ్ పెచ్చులూడటం: సమాధానం

అన్నా, పౌడర్ (ఇనుము మీద చల్లే పొడి రంగు) ఓవెన్‌లో పూర్తిగా ఉడికి గట్టిపడినట్టు లేదు. మీ మడికొండ షెడ్డులో ఒకే లాట్ పౌడర్ పల్చటి షీటుకు గట్టిగా పట్టి, 10 మి.మీ. ఫ్లాటు (మందపాటి ఇనుప పట్టీ) గేటు మీదే ఊడుతోందంటున్నారు. అంటే తప్పు పౌడర్‌ది కాకపోవచ్చు, ఓవెన్ టైముది.

1. ముందు ఖాయం చేసుకోండి. తెల్ల గుడ్డను ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) ద్రావణంలో తడిపి గేటు మీద గట్టిగా రుద్దండి. పూత మెత్తబడి రంగు బాగా దిగితే అనుమానం నిజమే. చేతికి గ్లవ్స్ ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే. డబ్బా మీద 200 డిగ్రీలు, 10 నిమిషాలు అని ఉంటే అది ఇనుము వేడి. ఓవెన్ డయల్ చూపించేది లోపలి గాలి వేడి. డయల్ 200 తాకగానే టైము మొదలుపెడితే షీటు ఉడుకుతుంది, ఫ్లాటు ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. అన్నిటికంటే మందమైన చోట థర్మోకపుల్ (వేడి కొలిచే వైరు) బిగించండి. అక్కడ 200 వచ్చాకే 10 నిమిషాలు లెక్కపెట్టండి. ఐఆర్ గన్‌తో (తాకకుండా వేడి చూపే పరికరం) చూద్దామని మాటిమాటికీ తలుపు తీస్తే ఉన్న వేడి కూడా పోతుంది.

3. షీట్లూ ఫ్లాట్లూ ఒకే లోడులో పెట్టొద్దు.

4. గుడ్డకు రంగు అంటకపోతే ఊడిన పెచ్చు వెనక చూడండి. నల్లటి పొర అంటుకుని వస్తే అది మిల్ స్కేల్, అంటే ఇనుమును వేడి మీద సాగదీసి చేసిన (హాట్ రోల్డ్) ఫ్లాటు మీద ఏర్పడే పొర. పూతకు ముందు చేసే ఫాస్ఫేటింగ్ మందు కడుగు ఒక్కటే దాన్ని తీయలేదు, బ్లాస్టింగ్ (గరుకు రవ్వను వేగంగా కొట్టి గీకడం) లాంటిది చేయించాల్సిందే.

ఉడకకపోవడమే కారణమైతే, ఇంకా ఊడని గేట్లను మళ్లీ ఓవెన్‌లో పెట్టి ఉడికించొచ్చు. ఊడినవాటికి మాత్రం పూత మొత్తం తీసేసి మొదటినుంచి చేయండి.